పరుపు తడిసిన వానాకాలం

నన్ను దవాఖాన నుంచి ఇంటికి పంపేనాటికి మృగశిర కార్తె వచ్చింది గానీ వాన రాలేదు. ఎండాకాలం మొదట్లో బొంతపల్లి దగ్గర ఒక ఫ్యాక్టరీ షెడ్డు మీద పాత రేకులు మారుస్తుంటే కాలి కింద రేకు విరిగింది. కింద పడ్డాక నడుము నుంచి కాళ్ల దాకా నాది కాకుండా పోయింది. పట్నంలో కొన్నాళ్లు, సంగారెడ్డిలో కొన్నాళ్లు ఉంచుకున్నారు. ఒకరోజు పెద్ద డాక్టరు వచ్చి, ఇక ఇంట్లో చూసుకోండి అన్నాడు.

ఎలా చూసుకోవాలో ఆయన చెప్పలేదు. అది చెప్పింది హైమావతి అనే నర్సు. నన్ను కన్న అవ్వ బక్కమ్మను, నా భార్య బీరమ్మను, తమ్ముడు ఓదెలును నా మంచం చుట్టూ నిలబెట్టుకుని మొదలుపెట్టింది.

"చూడున్రి. మనం పండుకుంటే ఒత్తినకాడ నొప్పి పుడ్తది, తెల్వకుండనే పక్కకు మర్లుతం. ఈయనకు నడుము కింద నొప్పి తెల్వది. ఒత్తినకాడ నెత్తురు ఆడక తోలు చచ్చిపోతది. పుండైతది. ఆ పుండు లోపట ఎముక దాక, బొక్క దాక పోతది. అందుకే అన్నిటికన్న ముందు మంచి పడక గావాలె."

"నులక మంచం మీద మెత్తటి బొంత ఏస్త సిస్టరమ్మా" అంది అవ్వ.

"నులక మంచం వద్దే వద్దు. నడుమ గుంత పడ్తది. నడుము వంగిపోతది."

"మరి నేల మీద?"

"నేల గట్టిగుంటది. బొక్కలు ఒత్తుకుంటయి."

గాలి పరుపని ఒకటి ఉంటుందట. చిన్న మోటారు దాంట్లోకి ఎప్పుడూ గాలి కొడుతూ ఉంటుందట. మీ ఊళ్లో కరెంటు ఎట్లుంటది అని హైమావతి అడిగితే ఓదెలు నవ్వాడు. "పొద్దుగాల పోతదమ్మా. ఎప్పుడొస్తదో దానికే తెల్వది."

"అయితే అది పనికి రాదు. గాలి దిగినంక బల్ల మీద పండవెట్టినట్టే." కొంచెం ఆలోచించి అంది. "ఇప్పుడు కొత్తగ వస్తున్నయి. కింద స్ప్రింగులు, వాటి మీద మందంగ ఫోము, రెండు కలిపి కుట్టిన పరుపులు. స్ప్రింగు మనిషిని మోస్తది, ఫోము ఒత్తకుండ చూస్తది. అసుంటిది దొరుకుతదేమో చూడున్రి. కని పరుపు కొన్నమని మర్లేసుడు మర్చిపోతే ఏం ఫాయిదా లేదు. పగలైనా రాత్రైనా జెరసేపటికోసారి పక్క మార్చాలె."

అవ్వ ఆ మాటలు పెదవులతో మళ్లీ మళ్లీ అనుకోవడం నాకు కనిపించింది. ఆమెకు చదువు రాదు. విన్నది పోకుండా అట్లా పట్టుకునేది.

ఇంటికి తీసుకుపోయే వ్యాను సంగారెడ్డి బజారులో ఒక పరుపుల దుకాణం ముందు ఆగింది. నన్ను దింపడం కుదరదు గనక గాలి ఆడాలని వెనక తలుపులు తెరిచి పెట్టారు. తల కింద అవ్వ చీర మడత ఉంది. అక్కడినుంచి దుకాణం లోపల అంతా కనబడుతోంది.

ఓదెలు నాకంటే రెండేళ్లు చిన్న. ఇద్దరిదీ ఒకే ఎత్తు, ఒకే ఒళ్లు. వాడి అంగీ నేను వేసుకునేవాణ్ణి, నాది వాడు వేసుకునేవాడు. అందుకని నా బదులు వాడు పడుకున్నాడు. మొదట కొబ్బరిపీచు పరుపు మీద. అవ్వ వంగి వాడి నడుము కింద చెయ్యి పెట్టింది. "గీ దిక్కుకెల్లి గా దిక్కుకు చెయ్యి పోతున్నది. నడుము గాల్లనే ఉన్నది" అంది. తర్వాత ఉత్త ఫోము పరుపు. అవ్వ వేళ్లు కూడా దూరలేదు. "మునిగిపోయిండు వీడు. వద్దు."

బజారులో పోయేవాళ్లు ఇద్దరు ముగ్గురు నిలబడి చూశారు. దుకాణం సేటు నవ్వుతూ, "ఏందమ్మా, పిలగానికి పెండ్లా? గింత పరీక్ష వెడుతున్నరు" అన్నాడు.

బీరమ్మ గదుమతో వ్యాను వైపు చూపించింది. సేటు నన్ను చూశాడు. నేను అతణ్ణి చూశాను. అతను గబగబా లోపలికి పోయి, గోడకు ఆనించి ఉన్న ఒక పరుపును కుర్రాళ్లతో కింద పరిపించాడు. స్ప్రింగులూ ఫోమూ కలిసినది.

ఓదెలు దాని మీద వెల్లకిలా పడుకున్నాడు. అవ్వ చెయ్యి ఇరుకుగా దూరింది. తల ఊపింది. అప్పుడు బీరమ్మ కొంగు నడుముకు చెక్కుకుని ముందుకొచ్చింది.

"నేను మర్లేస్త. నువ్వు సాయం పట్టకు."

ఆమె వాడి భుజం మీద ఒక చెయ్యి, తుంటి మీద ఒక చెయ్యి వేసి తోసింది. వాడు అలవాటుకొద్దీ మోకాలు మడిచి తిరిగాడు.

"కాళ్లు కదిలియ్యకు ఓదెలూ! మీ అన్న కదిలిస్తడా?"

రెండోసారి వాడు కళ్లు మూసుకున్నాడు. ఒళ్లంతా వదిలేశాడు. ఆమె తోస్తే మొద్దులాగా దొర్లి అంచు దాకా వచ్చాడు. పరుపు అంచు కుంగలేదు. వాడు కింద పడలేదు. ఇదే తీసుకుందాం అంది బీరమ్మ. సేటు ఏవేవో జాగ్రత్తలు చెబుతున్నాడు. ఓదెలు మాత్రం లేవలేదు. మోచెయ్యి ముఖానికి అడ్డం పెట్టుకుని అట్లాగే ఉండిపోయాడు. అవ్వ రెండుసార్లు పిలిచాక లేచి వచ్చి, వ్యాను తలుపు పట్టుకుని ఎటో చూస్తూ అన్నాడు.

"మంచిగున్నదన్నా. మెత్తగనే ఉన్నది, గట్టిగనే ఉన్నది."

"సరే తియ్ మరి" అన్నాను. నేను అక్కడ పడుకున్నా నా భుజాలకూ తలకూ తప్ప మిగతా ఒంటికి ఏమీ తెలియదు. ఎట్లుందో చెప్పగలిగినవాడు వాడొక్కడే.

ఆ పరుపు మా ఇంటికొచ్చిన పెద్దమనిషిలాగా అయింది. మిషన్లు దిగిన చెక్కపెట్టెల పలకలు తెచ్చి, మధ్యలో గాలి పోయేట్టు సందులు వదిలి, లోపలి అర్రలోనే ఓదెలు మంచం బిగించాడు. బిగించాక తెలిసింది, అది గుమ్మంలోంచి బయటికి పట్టదని. పట్టకపోతే ఏమైంది, దాన్ని బయటికి తీసేదెవరు అన్నాడు.

సేటు చెప్పినవన్నీ అవ్వకు కంఠస్థం. పరుపు మడవొద్దు. దాని మీద నిలబడొద్దు. తడి తగలనియ్యొద్దు. నెలకోసారి తలవైపు కాళ్లవైపుకు మార్చాలి. నా తుంటి కింద మాత్రం రబ్బరు గుడ్డ వేసి, దాని మీద పాత ధోవతి నాలుగు మడతలు పరిచేది. చెమట పట్టిందేమోనని గడియకోసారి వేళ్లతో తడిమేది. దుప్పటి ముడత పడితే ఊరుకునేది కాదు. ముడత కూడా ఒత్తుతుందని హైమావతి చెప్పిందట. చూడ్డానికి వచ్చిన చుట్టాలు అంచు మీద కూర్చోబోతే, "పీట ఏస్త, పీట మీద కూసో" అని లేపేది. కొందరు నొచ్చుకున్నారు. ఆమె లెక్క చేయలేదు.

నా కూలి ఆగిపోయింది గనక బీరమ్మ మందుల కంపెనీలో సీసాలు కడిగే పనికి కుదిరింది. ఓదెలు ఇంకో కంపెనీలో బాయిలర్ దగ్గర చేసేవాడు. మాకు పిల్లలు లేరు. పగలంతా ఇంట్లో అవ్వా నేనే. ఆమె బక్కపలచని మనిషి, పైగా షుగరు. నన్ను మర్లేయడానికి ఒక ఉపాయం కనిపెట్టింది. నా కింద పాత చీర పరిచి ఉంచేది. మంచం పలకకు మోకాలు తన్నిపెట్టి, చీర అంచు రెండు చేతులా పట్టి లాగేది. నేను కిటికీ ఊచ పట్టుకుని పైభాగాన్ని తిప్పుకునేవాణ్ణి.

"పట్టు కొడుకా... పట్టు... ఆ, వచ్చినవ్!"

తిప్పిన ప్రతిసారీ ఏదో గెలిచినట్టు నవ్వేది. తర్వాత నా వీపూ పిర్రలూ మడమలూ వెలుతురులో పరీక్షగా చూసేది. ఎక్కడైనా ఎర్రబడితే వేలితో నొక్కి, తెల్లబడి మళ్లీ ఎర్రబడిందాకా చూసి, "ఏం లేదు, బాగున్నది" అనేది. నా మందులు ఏ వేళకు ఏవో ఆమెకు ఎన్నడూ తప్పలేదు. తన షుగరు బిళ్లలు అయిపోయి ఎన్నాళ్లయిందో మాత్రం ఎవరికీ తెలియదు.

ఆషాఢం అట్లా పోయింది. ఒంటి మీద ఒక్క పుండు లేదు.

శ్రావణంలో ముసురు పట్టింది. ఎడతెగకుండా కురిసి కురిసి, ఒకరోజు మధ్యాహ్నం మా వాడకట్టు వెనక వాగు పొంగింది. ఆ వాగులో వాన నీళ్లకంటే కంపెనీల నీళ్లే ఎక్కువ పారేవి. ముందు వాసన వచ్చింది, కాలిన రబ్బరులాగా, ముక్కు లోపల కోసినట్టు. ఆ తర్వాత గడప మీదినుంచి పచ్చగా, నురగతో, నీళ్లు లోపలికి వచ్చాయి.

అవ్వ గోనెసంచులు తెచ్చి గడపకు అడ్డం కుక్కింది. ఆగలేదు. బయటికి పోయి కేకలు వేసింది. ఎవరి ఇంట్లో వాళ్లకు నీళ్లే. పిల్లలనూ మేకలనూ పట్టుకుని అందరూ బడి దిక్కుకు పోతున్నారు. ఓదెలూ బీరమ్మా ఇద్దరూ డ్యూటీలో ఉన్నారు.

"అవ్వా, నువ్వు గూడ పో. బడికాడికి పోయి ఎవలనన్న పంపు" అన్నాను.

"నోరు మూస్కో" అంది.

మూలనున్న గడ్డపార, పొయ్యి కాడి ఇటుకలు తెచ్చింది. తల దిక్కు మంచం కోడు కింద దూర్చి, తన బరువంతా దాని మీద వేసి, ఒక చేత్తో ఇటుకలు తోసింది. ఆ దిక్కు రెండు కోళ్లూ లేచాయి. ఎట్లా లేపిందో నాకిప్పటికీ అర్థం కాదు. కాళ్ల దిక్కుకు పోయింది. గడ్డపార నీళ్లలో జారుతోంది. అలికిన నేల నాని కుంగుతోంది. ఎన్నిసార్లు తంటాలు పడ్డా కోడు లేవలేదు. ఆమె మోకాళ్ల కిందిదాకా నీళ్లలో నిలబడి రొప్పుతోంది.

నేను ఊచ పట్టుకుని పైకి లేవడానికి చూశాను. భుజాలు లేచాయి. మిగిలినది పరుపు మీద అట్లాగే ఉంది.

"నీళ్లు పరుపు దాక వచ్చినయా అవ్వా?"

ఆమె వంగి పరుపు అంచు తడిమింది.

"అవ్వా!"

"నీ కాళ్లు తడుస్తున్నయి కొడుకా."

నా కాళ్లు తడుస్తున్నాయన్న సంగతి నాకు ఆమె చెబితే తెలిసింది.

తర్వాత ఆమె గడ్డపార వదిలేసింది. నా రెండు కాళ్లూ ఎత్తి, కొంగుతో తుడిచి, చంటిపిల్లను ఎత్తుకున్నట్టు తన ఛాతీకి ఆనించుకుంది. ఆ నీళ్లలో అట్లాగే నిలబడింది. పరుపు కాళ్ల దిక్కు నీళ్లు తాగి నల్లబడుతూ నా తొడల దాకా వచ్చింది. చేతులు నొప్పి పుడుతుంటే భుజం మార్చుకునేది, కాళ్లు దించేది కాదు. ఆమె వేళ్లు నా పాదాల మీద బిగుసుకుని ఉండటం కళ్లతో చూశాను, అంతే. వెచ్చగా ఉన్నాయో చల్లగా ఉన్నాయో తెలియలేదు.

"నా కాళ్లు కుర్చీల పెట్టవే, నువ్వు బల్ల మీదికి ఎక్కు" అని బతిమాలాను. కుర్చీ ఎప్పుడో కొట్టుకుపోయి మూలన తేలుతోంది. షిఫ్టు దిగి, నడుము లోతు నీళ్లలో రోడ్డు దాటుకుని ఓదెలు వచ్చేసరికి పొద్దు వాలుతోంది. అవ్వ చేతుల్లోంచి నా కాళ్లు తీసుకోవడానికి వాడు ఆమె వేళ్లు ఒక్కొక్కటే విప్పాల్సి వచ్చింది.

నీళ్లు తెల్లారికి తీశాయి. పరుపులోకి దిగిన నీళ్లు మాత్రం తీయలేదు. నలుగురు పట్టినా లేవనంత బరువెక్కింది. స్ప్రింగులున్న దాన్ని పిండలేరు, మడవలేరు, విప్పి ఆరేయలేరు. ఎండ లేదు. అవ్వ కింద కుంపటి పెట్టి చూసింది. పైన ఆవిరి వచ్చింది గానీ లోపల ఫోము అట్లాగే ఉంది. చివరికి ఓదెలు తన కంపెనీ మేస్త్రీని బతిమాలి, ట్రాక్టరు మీద వేసుకుపోయి, బాయిలర్ రూము గోడకు ఆనించి పెట్టాడు. అది ఆరిందాకా వాళ్లు అడుక్కొచ్చిన నులక మంచం మీద, అడుక్కొచ్చిన బొంతల మీద ఉన్నాను. నడుమ గుంత పడింది. హైమావతి చెప్పినట్టే.

పరుపు తిరిగొచ్చింది. పైకి ఆరినట్టే ఉంది. పడుకోబెడితే స్ప్రింగులు గరగరమన్నాయి. లోపల తుప్పు పట్టింది. ఫోము ఒకచోట అట్టకట్టి, ఒకచోట చెమ్మగా, పుల్లటి వాసన వేస్తోంది. తడిసిన వైపును తల కిందికి మార్చారు. అవ్వ దాని మీద చెయ్యి ఆనించి నడుమదాకా తడుముకుంటూ పోయి, ఒకచోట ఆగి, అక్కడే మళ్లీ మళ్లీ నొక్కి చూసింది.

కొన్నాళ్లకు ఒక పొద్దున బీరమ్మ నన్ను మర్లేసి, తుడుస్తూ తుడుస్తూ ఆగిపోయింది.

"అత్తా, జెర ఇటు రా."

అవ్వ వచ్చింది. ఇద్దరూ నా వెనక నిలబడ్డారు.

"ఏమైంది?" అన్నాను.

"ఏం లేదు బిడ్డా. జెరంత తోలు లేసింది" అంది అవ్వ.

పుండు ఎడమ తుంటి మీద మొదలై వెనక్కి పాకింది. వారంలో ఓదెలు పిడికిలి పట్టేంత అయింది. ఆరెంపీ డాక్టరు వచ్చి కడిగి గుడ్డ పెట్టి, ఈ పక్క మీద బరువు అసలే పడొద్దన్నాడు. ఇక నన్ను కుడి వైపుకు తిప్పేవాళ్లు, బోర్లా వేసేవాళ్లు. నాకు నొప్పి లేదు. వాసన మాత్రం తెలిసేది. ఇంట్లో అందరూ నా పుండు చుట్టే తిరిగారు. లేవగానే పుండు మాట, పడుకునే ముందు పుండు మాట.

అవ్వ నడక మారింది మొదట నాకే కనబడింది. పడుకున్నవాడి కళ్లకు నేల మీద నడిచేవాళ్ల కాళ్లే ముందు కనబడతాయి.

"ఏందవ్వా, కుంటుతున్నవ్?"

"బురదల జారిన తియ్."

"బీరమ్మా, అవ్వ కాలు చూడు" అన్నాను. బీరమ్మ చూడబోతే ఆమె పాదాలు చీర కిందికి ముడుచుకుని, "నా కాలుకేమైంది, వాని గుడ్డ మార్చే యాళ్లయింది, పో" అని కసిరింది. ఇంట్లో కూడా చెప్పులు వేసుకుని తిరగడం మొదలుపెట్టింది. అప్పటికీ చీర అంచు పట్టి నన్ను లాగేది. "వచ్చినవ్!" అనడం మానేసింది.

బతుకమ్మకు పూలు ఏరే రోజుల్లో ఆమెకు జ్వరం వచ్చి పడిపోతే, బీరమ్మ చెప్పులు విప్పింది. విప్పి, నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. వేళ్ల మధ్య నల్లబడిపోయింది. ఆ నీళ్లలో మొదలైన పుండ్లు. షుగరు ఒంట్లో మానక లోపల్లోపలే పైకి పోయాయి.

ఓదెలు ఆమెను సంగారెడ్డి తీసుకుపోయాడు. నేను ఇంట్లో ఉన్నాను. నేను ఇంట్లోనే ఉండగలను. మర్నాడు వాడు ఒక్కడే వచ్చాడు.

"మోకాలు దాక తీసెయ్యాలంటున్నరన్నా. అవ్వ ఒప్పుతలేదు."

"ఎందుకట?"

ఓదెలు గోడకు ఆనుకుని కూర్చున్నాడు. "కాలు దీస్తే వాన్ని ఎవలు మర్లేస్తరు అంటున్నది."

"నేను ఒప్పుకోమన్ననని చెప్పు. పరుపు మంచిగైంది, పుండు మానుతున్నది అని చెప్పు. ఏదో ఒకటి చెప్పు!"

చెప్పాడు. హైమావతి కూడా పక్కన కూర్చుని చెప్పిందట. రెండు రోజులకు ఆమె తల ఊపింది. ఆ రెండు రోజుల్లో విషం పైకి ఎక్కింది. కోత గదిలోకి తీసుకుపోకముందే అయిపోయింది.

ఆమెను వాకిట్లో పడుకోబెట్టారు. లోపలినుంచి నాకు జనం వీపులు కనబడుతున్నాయి, ఏడుపులు వినబడుతున్నాయి. పెద్ద కొడుకును నేను. మా ఆనవాయితీ ప్రకారం నిప్పు పట్టుకుని ముందు నడవాల్సింది నేను. ఆ పని ఓదెలు చేస్తాడని పెద్దమనుషులు నన్ను అడగకుండానే నిర్ణయించారు. అడిగినా వేరే జవాబు లేదు.

నన్ను మంచంతో బయటికి తీద్దామని ఎవరో అన్నారు. మంచం గుమ్మంలో పట్టదు. ఓదెలు తడిబట్టలతో లోపలికి వచ్చి, నన్ను రెండు చేతుల మీద ఎత్తుకున్నాడు. గడప దాకా తీసుకుపోయాడు. జనం జరిగారు. అవ్వ ముఖానికి పసుపు పూసి ఉంది. బతికుండగా ఎన్నడూ అంత తీరికగా పడుకోగా నేను చూడలేదు.

ఇంకాసేపు చూసేవాణ్ణి. ఓదెలు మోచేతి మీదినుంచి నెత్తురు కారి గడప మీద పడుతోంది. కట్టు జారి పుండు తెరుచుకుంది. నాకు తెలియలేదు. బీరమ్మ చూసి, "లోపట పండవెట్టు, లోపట పండవెట్టు" అని పరుగెత్తుకొచ్చింది.

డప్పులు మొదలయ్యాయి. పాడె లేచింది. ఆడవాళ్లు వాడకట్టు చివరిదాకా వెంట పోయారు. బీరమ్మ పోలేదు. కట్టు మార్చింది. చేతులు కడుక్కుని వచ్చి, నా కింది చీర అంచు పట్టుకుంది.

"ఎల్లెలకల ఉండొద్దు. మర్లేస్త."

"వాకిలి దిక్కుకు తిప్పు" అన్నాను.

"వాకిలి దిక్కంటే ఎడమ పక్క ఒత్తుతది."

"ఒక్కసారి బీరమ్మా. డప్పులు పొయ్యేదాక."

ఆమె కళ్లు తుడుచుకుంది. తర్వాత మోకాలు పలకకు తన్నిపెట్టి, చీర లాగింది. స్ప్రింగులు గరగరమన్నాయి. నన్ను వాకిలి దిక్కుకు కాకుండా గోడ వైపుకు తిప్పి, వీపు వెనక దుప్పటి ముడత సరిచేసి, పక్కన నేల మీద కూలబడింది.

గోడ మీద వరదనాటి పచ్చటి గీత ఇంకా ఉంది. దాన్ని చూస్తూ పడుకున్నాను. డప్పులు వాడకట్టు దాటాయి, రోడ్డెక్కాయి. ఇంకాసేపు వినబడ్డాయి.